నడుముకు కట్టిన పరుగు దీపాలు

నీలవేణికి, కొండ ఊళ్ల ఆడవాళ్లు వరుసకట్టి ఆడే ధింసా ఆటంటే వెగటు పుట్టి చాలాకాలమైంది. ఊళ్లో పండుగకు ఆడేది వేరు, అరకు రిసార్టు పచ్చికలో సాయంత్రాలు టూరిస్టుల ముందు ఆడేది వేరు. అక్కడి చీరలు ఎవరి సొంతమూ కావు. ఒకరు విప్పింది మరొకరు చుట్టుకోవాలి. చెమటా, కట్టెల పొగా, ఎవరో పూసుకున్న పౌడరూ కలిసి ఆ గుడ్డల్లో పులిసిపోయేవి. కట్టుకునేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకునేది. పైగా మేనేజరు రవిబాబు పక్కన నిలబడి "పళ్లు కనపడాలి, పళ్లు" అని సైగ చేస్తుంటే నవ్వాలి.

రెండువేల నాలుగులో, వానాకాలంలో, తండ్రి రేడియో పాడైతే బజారులోని వరహాలరావు రిపేరు కొట్టుకి పట్టుకెళ్లింది. వరహాలరావు శృంగవరపుకోట నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాడు. కొట్టు అద్దం వెనక చిన్న ఎర్ర దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ పరుగెడుతున్నాయి. ఆమె రేడియో సంగతే మరిచిపోయింది.

"ఇది కరెంటు మీద నడుత్తాదా, బాబూ?"

"కాదే. సిన్న బేటరీ సాలు. ఏం, నువ్వు సేత్తావేటి?" అన్నాడాయన ఎగతాళిగా.

"సేత్తాను. సూపించు."

ఆటకు వెళ్లేముందు రోజూ ఆ కొట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. వరహాలరావు, పురుగుల్లా రెండు పక్కలా సన్నటి లోహపు కాళ్లున్న రెండు నల్లటి చిప్పులు బల్ల మీద పెట్టాడు. "ఈ సిన్నది డప్పోడనుకో, దరువేత్తాది. ఆ పెద్దది దరువుకొక్క దీపాన్ని ఎలిగిత్తాది. అంతే."

అంతేనని ఆయన అన్నంత సులువు కాలేదు. మొదటి చిప్పును తిరగేసి పెట్టింది. ముట్టుకుంటే వేలు కాలింది, మాడు వాసనొచ్చింది. దీపాల కాళ్లు తారుమారయ్యాయి. తీగలు అతికే టంకం పిట్టరెట్టలా ముద్దలు ముద్దలుగా పడింది. తన చేతిపని చూసి తనకే రోత పుట్టి ఊడబీకి పారేసింది, మళ్లీ మొదలుపెట్టింది. చివరికి దీపాలు వెలిగాయి గానీ, చెయ్యి దగ్గరికి తెస్తే పిచ్చెత్తినట్టు పరుగెత్తి, తీస్తే ఆగిపోయేవి.

"పెద్దదాని కాలొకటి గాల్లో ఒగ్గేసినావు. దాన్ని బేటరీ మైనస్‌కి కలుపు" అన్నాడు వరహాలరావు.

కలిపింది. దీపాలు బుద్ధిగా వరుసలో నడిచాయి. నీలవేణి పళ్లన్నీ కనపడేలా నవ్వింది. ఎవరూ సైగ చేయలేదు.

ఆ సంబరంతో దాన్ని రిసార్టుకు తీసుకెళ్లి తోటివాళ్లకు చూపించింది. అది రవిబాబు కంట పడింది.

"మీ నడుములకు కట్టుకుంటే? ఒకరి నుంచి ఒకరికి వెలుగు పాకుతుంది. గెస్టులు పడి చస్తారు!"

ఆమెకూ నచ్చింది. పొడుగు తీగలు అతికి, పదిమంది నడుములకూ తలా ఒక దీపం కట్టింది. చిప్పులు అతికిన బోర్డూ, బ్యాటరీ తన నడుముకే చుట్టుకుంది. చీకటి పడుతుండగా ఆట మొదలైంది. చేతులు వెనక్కి కలిపిన ఆడవాళ్ల వరుసలో ఎర్ర చుక్క ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తింది. చప్పట్లు మోగాయి. ఆమె గుండె పొంగింది.

అప్పుడు కుర్చీలోంచి ఒకడు గ్లాసుతో లేచాడు. దీపం ఎక్కడ వెలిగితే అక్కడ, ఆ నడుము మీద వేలు పెడుతూ వరుస వెంట నడవసాగాడు. వాడి స్నేహితులు ఈలలు వేశారు. ఆడవాళ్లు ఒళ్లు ముడుచుకున్నారే గానీ పక్కకు జరగలేకపోయారు. అందరూ ఒకే తీగకు కట్టి ఉన్నారు. వాడు నీలవేణి దగ్గరకొచ్చి, "స్విచ్ ఇక్కడే ఉందిరా!" అంటూ తడిమాడు. మందు కంపు, చెమట చెయ్యి.

"సెయ్యి తియ్" అంది.

"సార్ సరదా పడుతున్నారు, నవ్వు" అన్నాడు రవిబాబు పళ్లికిలిస్తూ.

నీలవేణి నడుము దగ్గర తీగను పట్టి ఒక్క లాగు లాగింది. దీపాలన్నీ ఆరిపోయాయి. డప్పు ఆగింది. ఆమె వరుస పొడుగునా వెళ్లి ఒక్కొక్కరి తీగా విప్పింది. నీలవేణికి అక్క వరసయ్యే, కనక అనే ఆమె తన తీగ ఊడగానే రవిబాబు బూట్ల ముందు కాండ్రించి ఉమ్మింది.

దారిలో నీలవేణి అక్క కనక భుజం పట్టుకుని ఏడ్చింది. "నానే కట్టినాను అప్పా, మీ అందర్నీ."

"నువ్వు దీపం కట్టినావు. ఆడి సేతులు నువ్వు సేసినవేటి? నడు, వానొచ్చేలాగుంది."

కొందరు వారం తిరక్కుండానే ఆటకు వెళ్లారు. ఇల్లు గడవాలి. రవిబాబు విశాఖలో దీపాలు కొని తెచ్చి మళ్లీ కట్టించాడని విని, నీలవేణి తింటున్న కంచం పక్కకు నెట్టేసింది. నీలవేణీ, కనకా మాత్రం ఆ గేటు తొక్కలేదు. కనక కాఫీ పండ్లు కోయడానికి పోయింది. నీలవేణి వరహాలరావు కొట్లోనే పనికి కుదిరింది. కొన్నేళ్లకు పాడేరు బస్టాండు దగ్గర తనే సొంతంగా కొట్టు పెట్టుకుంది. కొండ ఊళ్ల టార్చిలైట్లు, జీపుల టేపురికార్డర్లు ఆమె దగ్గరికే వచ్చేవి. పరుగు దీపాలు కావాలని ఎవరైనా అడిగితే, ఎక్కడ కడతారని ముందు అడిగేది. జవాబు నచ్చకపోతే తల దించుకుని చేతిలో పని చేసుకునేది, వచ్చినవాడు విసిగి వెళ్లిపోయేదాకా.