తోమాసు కట్టిన మణికట్టు

పాల్వంచలో ఓ ఎముకల డాక్టరు దగ్గర తోమాసు ముప్పయ్యేళ్లుగా పిండికట్లు కడుతున్నాడు. విరగ్గొట్టుకుని వచ్చే మనుషులంటే అతనికి బొత్తిగా లెక్కలేదు. కాస్తో కూస్తో గౌరవం ఉంటే పాతకాలపు ఎముకల మీదే.

అప్పట్లో తాడిచెట్టు మీది నుంచి పడి వచ్చేవాళ్లు. బూర్గంపాడు దూలయ్య రెండు కాళ్లూ విరిగినా కల్లుకుండ పగిలిందనే ఏడ్చాడు. తరువాత మోటారుసైకిళ్ల కాలం వచ్చింది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో హ్యాండిలు పట్టిన వెధవలు మోకాళ్లు ముక్కలు చేసుకుని వచ్చేవాళ్లు. ఈ పదేళ్లుగా వస్తున్నది మరీ నాసిరకం: యాభై దాటిన ఆడవాళ్లు, బాత్రూంలో జారి, గడప తట్టుకుని. "నిలబడ్డ జాగల పడితే గూడ ఇరుగుతదా?" అని వాళ్ల మొహం మీదే నవ్వేవాడు.

మూడేళ్ల కిందట అతని భార్య సంపూర్ణ కూడా ఆ వరసలో చేరింది. మందిరంలో పాస్టరు ప్రసంగం సాగీ సాగీ ముగిశాక, చాప మీద నుంచి లేవబోతే తిమ్మిరెక్కిన కాలు మడతపడింది. చెయ్యి ఆనించింది, మణికట్టు విరిగింది.

"వాక్యం చెప్తుంటే కునికితే గిట్లనే అయితది" అన్నాడు తోమాసు. ఈపాటి దానికి డాక్టరుకు చూపించడం నామోషీ అనుకున్నాడు. తనే ఎక్స్‌రే తీయించి, తనే కట్టు కట్టి, ఆరు వారాలకు తనే కోశాడు. సొట్ట లేకుండా అతికిన ఆ చేతిని మందిరంలో అందరికీ చూపించి మురిశాడు.

మొన్న శనివారం సంపూర్ణ వాకిట్లో ఒక్క మెట్టు దిగుతూ కూలబడింది. తుంటి విరిగింది. అప్పటి నుంచీ ఆమె ఒకటే అడుగుతోంది, మళ్లీ నడుస్తానా అని. తోమాసుకు మొదటిసారి నవ్వు రాలేదు, భయం వేసింది.

కొత్తగా వచ్చిన డాక్టరమ్మ లిఖిత ఫిల్ము వెలుగుకు పట్టి చూసింది. "ఇంతకుముందు చిన్నగా పడి ఏమైనా విరిగిందా?"

"మణికట్టు. మూడేండ్లయింది."

"ఎముకలు గుల్లబారాయని అప్పుడే తెలిసేది కదా. మందులు మొదలుపెట్టి ఉంటే ఈ తుంటి నిలిచేదేమో. పరీక్ష కూడా రాయకుండా పంపిన మొద్దు ఎవరు?"

సంపూర్ణ మొగుడి వంక చూసింది. "ఆనాడు కునికింది నేను గాదమ్మా" అంది.

తోమాసు సిగ్గుతో తల దించుకున్నాడు. "నేనే కట్టిన మేడం."

లిఖిత సంపూర్ణ మణికట్టు తిప్పి చూసి వదిలేసింది.

"అతుకు మాత్రం బాగుంది" అంది.