సూర్యలంకకు వెళ్లని మంగళవారం

మా కండక్టర్ గారు పోయారు. బుధవారం పొద్దున, రేపల్లెలో, వాళ్ల ఇంట్లోనే. బాపట్ల నుంచి లైన్‌మన్ ఫోన్ చేశాడు. "మన కండక్టర్ గారు..." అని ఆగిపోయాడు. మిగతాది అడగాల్సిన పని లేకపోయింది. అప్పుడు నేను కంచం ముందు కూర్చుని ఉన్నాను. ఫోన్ పక్కన పెట్టి, కంచంలో ఉన్నదంతా తినేశాను. ఎందుకు తిన్నానో తెలీదు. చెయ్యి కడుక్కున్నాక గానీ ఏడుపు రాలేదు.

నేను చదివింది ఏడో తరగతి, మా ఊరి బళ్లో. ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. నలుగురిలో మాట్లాడటమూ రాదు. సంతాప సభలో నన్ను లేపి నిలబెట్టారు. నోరు పెగల్లేదు, కూర్చున్నాను. "నోటితో రానిది చేత్తో రాయి" అని భాయ్ ఒక నోటు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. అందుకే ఇది రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

ఆయన రేపల్లె–తెనాలి బస్సులో కండక్టరు. నేను తెనాలిలో ఒక రైసు మిల్లులో కాటా దగ్గర పని చేసేవాణ్ని. పొద్దున్నే మొదటి ట్రిప్పుకి వేమూరులో ఎక్కేవాణ్ని. ఆయనకి మనుషుల పేర్లు నిలిచేవి కావు, ఊళ్లు నిలిచేవి. అందుకని ఊరి పేరుతోనే పిలిచేవారు. నేను వేమూరు. రేపల్లెలో ఉద్యోగం చేస్తూ శనివారం సాయంత్రం ఇంటికి పోయే లైన్‌మన్ బాపట్ల. తెనాలి బస్టాండు దగ్గర బట్టలు కుట్టే సాయిబు గారు ఒక్కరే భాయ్. ఆయన బస్సెక్కే మనిషి కాదు, కండక్టర్ గారి కాకీ చొక్కాలు కుట్టిన మనిషి. అందరం ఉద్యోగాలు మానేసినా ఆ పిలుపులు మాత్రం అట్లాగే ఉండిపోయాయి.

నేను ఆ బస్సెక్కిన మొదటి ఏడాదంతా ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదంటే మీరు నమ్మరు. నేను చెయ్యి చాపేవాణ్ని, ఆయన అడక్కుండానే తెనాలి టిక్కెట్టు కొట్టి ఇచ్చేవారు. అంతే. ఇద్దరికీ అది సరిపోయింది.

ఆయన కూర్చోగా నేను చూడలేదు. బస్సు ఖాళీగా ఉన్నా సీటుకి వీపు ఆనించి నిలబడేవారు. ఇంట్లో పేపరు చదివినా గుమ్మానికి ఆనుకునే. "నిలబడ్డోడికే అన్ని కిటికీలూ కనపడతాయి" అనేవారు.

నా భార్య పోయిన మూడో రోజున ఒక సంగతి జరిగింది. మా ఇల్లు రోడ్డు మీదే. రేపల్లె నుంచి వస్తున్న బస్సు స్టేజీ కాని చోట, మా ఇంటి ముందు ఆగింది. కండక్టర్ గారు దిగి, భుజాన టిక్కెట్ల సంచీతోనే లోపలికి వచ్చారు. నా ఎదురుగా నిలబడ్డారు. నేనూ మాట్లాడలేదు, ఆయనా మాట్లాడలేదు. బస్సులోంచి ఎవరో "ఎంతసేపండీ?" అని కేకేశారు. ఆయన గుమ్మంలోకి వెళ్లి, "తొందరుంటే నిన్ననే బయల్దేరాల్సిందమ్మా" అన్నారు. మళ్లీ వచ్చి ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయారు. చుట్టాలు చాలామంది చాలా చెప్పారు. నాకు ఆయన నిలబడటమే గుర్తుంది.

రిటైరైన కొన్నేళ్లకి ఆయన కిడ్నీలు పాడయ్యాయి. సోమవారం, గురువారం తెనాలిలో డయాలసిస్. నిలబడే మనిషిని వారానికి రెండుసార్లు నాలుగేసి గంటలు పడుకోబెట్టేశారు. ఎడమ చేతికి రెండు గొట్టాలు. వాటిలో ఆయన రక్తమే మిషనులోకి పోయి, కడుక్కుని తిరిగి వచ్చేది. కుడి చెయ్యి మాత్రం మంచం పట్టెను పట్టుకుని ఉండేది, బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు. ఒక్కరినే పక్కన ఉండనిస్తామని బోర్డు ఉండేది. మేం ముగ్గురం వెళ్లేవాళ్లం. నర్సమ్మ చూసీ చూడనట్టు పోయేది.

ఒక గురువారం ఆ మంచం మీంచే అన్నారు. "సూర్యలంక పోదామయ్యా, నలుగురం."

"రోజుకి మూడు గ్లాసులు దాటి నీళ్లు తాగొద్దన్నాడు గదా డాక్టరు. నీకెందుకు సముద్రం?" అన్నాడు భాయ్.

"తాగటానికి కాదు భాయ్. అన్ని నీళ్లు ఒక్కచోట చూస్తే దాహం తగ్గుద్దేమోనని."

భాయ్ నవ్వబోయి ఆపేశాడు. ఆ నెలల్లో ఆయన పెదాలు ఎప్పుడూ ఎండిపోయి ఉండేవి. మేం ఆయన ముందు టీ తాగటం మానేశాం.

లైన్‌మన్ మాత్రం హుషారు పడ్డాడు. "మా తోడల్లుడి ఇల్లుంది అక్కడ. వసారాలో కూర్చుంటే సముద్రం కనపడుద్ది. పీతల పులుసు నేను పెడతా."

"నాకు ఉప్పు లేకుండా ఒక పీత పక్కన తియ్యి."

"ఉప్పు లేని పీతని తినేకంటే చూట్టం మేలు కండక్టర్ గారూ."

"చూస్తాలే. వచ్చేది చూట్టానికే గదా."

అప్పటికప్పుడు నా చేత మందుల చీటీ వెనక రాయించారు. ఆయన చెబుతుంటే నేను రాశాను. పొద్దున, కుర్చీలు నాలుగు, సముద్రం వైపు. మధ్యాహ్నం, కుర్చీలు నీడకి. సాయంత్రం, మళ్లీ సముద్రం వైపు. అంతే ప్రయాణం. గుడికి పోవటం లేదు, ఫోటోలు లేవు. "ఒకళ్ల ఆరోగ్యం ఒకళ్లు అడగటం కూడా లేదు. అడిగినోణ్ని బాపట్ల స్టేషన్లోనే దింపేస్తా" అన్నారు.

ఏ రోజు వెళ్లాలన్నది మిగిలింది. శుక్రవారం నుంచి ఆదివారం దాకా సూర్యలంక తిరునాళ్లలాగా ఉంటుంది. బుధవారానికి ఆయన ఒంట్లో నీరు చేరి ఆయాసం మొదలవుతుంది. సోమవారం డయాలసిస్ అయితే మర్నాడు మనిషి తేలిగ్గా ఉంటారు. కాబట్టి మంగళవారం పొద్దున బయల్దేరి బుధవారం తిరిగి రావాలని తేల్చారు. "రైట్ రైట్" అన్నారు, నర్సమ్మ కూడా నవ్వింది.

ఆ శనివారం ఆయన భార్య నాకు ఫోన్ చేసింది. నేను ఆమెను చెల్లెమ్మా అంటాను.

"అన్నయ్యా, ఆయన నా మాట వినటల్లేదు. దారిలో ఏమన్నా అయితే అక్కడ డాక్టరు కూడా దొరకడు. నేనన్నానని చెప్పొద్దు. మీరే ఎట్టాగో ఒకట్టా ఆపండి. మీరు ఎప్పుడూ దేనికీ అడ్డం చెప్పరు గదా, మీరు చెబితే వింటారు."

"అట్టాగేనమ్మా" అన్నాను.

సోమవారం ఆస్పత్రిలో ఆయన చీటీ తీసి మళ్లీ చదివించుకుంటున్నారు. నేను చదవటం ఆపి, "మంగళవారం వద్దేమోనండి" అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు. నేను అభ్యంతరం చెప్పటం వాళ్లు ఎరగరు.

"ఏంటి వేమూరూ? నీకెప్పటి నుంచి ఈ పట్టింపు? ఇన్నేళ్లు ప్రతి మంగళవారం నా బస్సెక్కావు గదా. ఏనాడన్నా బోల్తా పడిందా?"

నేను చీటీలోకి చూస్తూ కూర్చున్నాను. ఆ మాట అక్కడితో ఆగిపోయేదే. కానీ లైన్‌మన్‌కి తిథులూ వారాలూ పట్టింపు ఎక్కువ. "వేమూరు అనడు అనడు, అన్నాడంటే ఏదో ఉంటది. నాకూ మనసులో పీకుతానే ఉంది. మంగళవారం బయల్దేరటం మంచిది కాదు" అన్నాడు. అంతే, ఆ వారం పోయింది. పై మంగళవారం అమావాస్య వచ్చింది. ఆ పై వారం లైన్‌మన్ తోడల్లుడి ఇంట్లో మైల వచ్చింది. నేను ఒక్క రోజు ఆపుదామని వేసిన రాయి తనంతట తనే దొర్లుకుంటూ పోయింది. పట్టుకుని ఆపగలిగింది నేనొక్కణ్నే. నేను చూస్తూ ఉన్నాను.

ఈ లోపల ఆయన పాదాలు చెప్పుల్లో పట్టకుండా వాచాయి. మంచం పట్టె పట్టుకునే చెయ్యి కూడా దుప్పటి మీదికి జారిపోయింది.

చివరి సోమవారం నేనొక్కణ్నే ఉన్నాను. భాయ్ కంటి ఆస్పత్రికి వెళ్లాడు, లైన్‌మన్ రాలేదు. కళ్లు మూసుకునే అడిగారు.

"మా ఆవిడ ఫోన్ చేసిందా నీకు?"

నేను ఆయన కాళ్ల మీద దుప్పటి సర్దాను.

"చెప్పొద్దులే. నీకు అబద్ధం రాదు. అందుకే మంగళవారం అన్నావు. అబద్ధం వచ్చినోడైతే ఇంకా మంచిది చెప్పేవాడు."

కళ్లు తెరవకుండానే, "ఆమెకి భయం. ఉండాల్సిందే. నీకెందుకయ్యా భయం?" అన్నారు.

మీరు పోతే మొదటి ట్రిప్పు బస్సు ఆగిపోయినట్టు ఉంటుందండి అని చెప్పాలనుకున్నాను. నాకు అంత పెద్ద మాట రాలేదు.

ఆయన కళ్లు తెరిచి ఎదురు గోడ చూపించారు. పెచ్చులూడిన పచ్చ గోడ, దాని మీద చేతులు కడుక్కోమని ఒక బొమ్మ. "ఎన్నాళ్లని చూడమంటావు దీన్ని?" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "రేపు మంగళవారమే."

ఆయన అడిగింది అంతే. లేవండి పోదాం అంటే సరిపోయేది. తెనాలిలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. నా నోట్లో ఆ మాట ఉంది కూడా. కానీ ఆయన పాదాలు చూశాను, చెల్లెమ్మకి ఇచ్చిన మాట గుర్తొచ్చింది. "వచ్చే వారం చూద్దామండి" అన్నాను.

ఆయన మళ్లీ గోడ వైపు తిరిగారు. కోపం లేదు. "సరేలే" అన్నారు. నాతో ఆయన ఆడిన ఆఖరి మాట అదే.

బుధవారం పొద్దున గుమ్మానికి ఆనుకుని పేపరు చదువుతున్నారట. కూర్చోండి అంటే వినలేదట. పేపరు పడిన చప్పుడైతే చెల్లెమ్మ వంటింట్లోంచి వచ్చింది. గుమ్మం పక్కన కూలిపోయి ఉన్నారు.

నేను వెళ్లేసరికి ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. "నేను ఆపమనకుండా ఉంటే, ఆ మంగళవారమే సముద్రం చూసి ఉండేవారు గదా అన్నయ్యా" అంది.

"ఆపింది నేనమ్మా" అన్నాను.

ఆ మంగళవారం ఆయనా నేనూ సూర్యలంక వెళ్లినా ఆయన బుధవారమే పోయేవారేమో. డాక్టరు అట్లాగే చెప్పాడు. ఆ మాట పట్టుకుని పడుకోవాలని చూస్తున్నాను. కానీ సముద్రం చూసి పోవటం వేరు, ఆ గోడ చూసి పోవటం వేరు కదా.

శుక్రవారం అస్థికలు కలపటానికి పెనుమూడి వెళ్లాం. కృష్ణ అక్కడ వెడల్పుగా ఉంటుంది. పంతులు గారు మంత్రం చెప్పారు. కండక్టర్ గారి కొడుకు మోకాలి లోతు నీళ్లలోకి కుండ పట్టుకుని దిగాడు. నేను వెనక నిలబడి నీళ్ల వైపు చూస్తున్నాను. గుర్రపుడెక్క తేలుతూ పోతోంది. అది సముద్రం వైపు పోవటం లేదు, ఎదురుగా పైకి పోతోంది. ఒడ్డున వల కుట్టుకుంటున్న పెద్దమనిషిని నెమ్మదిగా అడిగాను.

"పోటు మీదుంది బాబాయ్. సముద్రం నీళ్లు ఎగదన్నుతున్నాయి. ఇప్పుడు వదిలితే అవి పైకే పోతాయి. రెండు గంటలాగితే తిరుగుద్ది."

"కానియ్యండి, కానియ్యండి. పదకొండు దాటితే వర్జ్యం" అంటున్నారు పంతులు గారు. కొడుకు కుండ వంచబోయాడు.

"ఆగండి" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అందరూ వెనక్కి తిరిగారు.

"నీళ్లు తిరగనీండి. ఇప్పుడు ఎదురు పోతున్నాయి. ఆయన పోవాల్సింది అటు."

"మరి వర్జ్యమండీ..." అన్నారు పంతులు గారు.

"వర్జ్యమైనా సరేనండి."

లైన్‌మన్ ఏదో అనబోయి నా మొహం చూసి మానేశాడు. చెల్లెమ్మ నన్నే చూస్తోంది. కాసేపటికి కొడుకుతో, "పైకి రా నాన్నా. మావయ్య చెప్పినట్టు చెయ్యి" అంది.

వాడు వచ్చి కుండను మెట్టు మీద పెట్టాడు. పంతులు గారు పంచాంగం మూసి నీడకి వెళ్లారు. మేం ముగ్గురం కుండ పక్కన కూర్చున్నాం, చెల్లెమ్మ ఒక మెట్టు పైన. ఎండ ముదురుతోంది. భాయ్ తన తుండు తీసి కుండ మీద కప్పాడు. నది మధ్యలో ఒక గుర్రపుడెక్క గుంపు పైకి పోతూ పోతూ మెల్లగా నిదానించింది. ఆగింది. అటూ కదలక, ఇటూ కదలక, నీళ్ల మీద అట్లాగే నిలబడి ఉంది. మేం దాన్నే చూస్తూ కూర్చున్నాం.