ఉన్ని దారం ఆపిన నీళ్ళు

1943లో నేను చిత్తూరులో కొళాయి పనులు చేసేవాణ్ణి. యుద్ధం రోజులు. రబ్బరు వాషరు కావాలన్నా మద్రాసు నుంచి రావాల్సిందే. అందుకే మా పనిలో సగం తాత్కాలిక మరమ్మతులే: సైకిల్ ట్యూబు ముక్క, జనపనార, మైనం. ఆ విద్యలో నన్ను మించినవాడు లేడని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒక ఉదయం ఓ ఇంటి పెరట్లో సాకెట్ కారుతోందని పిలిచారు. సాకెట్ అంటే రెండు పైపులను కలిపే, లోపల మరలున్న ఇనప ముక్క. ఆ పైపు మట్టిగోడను ఆనుకుని పోతుంది. గోడ అవతలి గదిలో కంబళ్ళు నేసే నరసమ్మ అద్దెకుండేది. ఆమె కూతురికి కాన్పై మూడు రోజులు. ఒళ్ళు కాలిపోయే జ్వరం, కదిలించే స్థితి కాదు.

నీళ్ళు ఆపే వీధి వాల్వు కట్టేయాలంటే మున్సిపాలిటీ మనిషిని పిలవాలి. ఇంత చిన్న పనికి ఆయనెందుకులే అనుకుని రెంచీతో బిగించాను. చాలదని ఇంకో పట్టు పట్టాను. తుప్పుపట్టిన సాకెట్ నిలువునా చీలి, నీళ్ళు గోడకు కొట్టాయి. మట్టి పెళ్ళలు రాలసాగాయి. ఇంటాయన వాల్వు మనిషి కోసం పరుగెత్తాడు. ట్యూబు ముక్క చుడితే జారిపోయింది. రెండు చేతులతో అదిమిపట్టినా వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు. నా పొగరు ఒక బాలింత ప్రాణం మీదికి తెచ్చింది.

నరసమ్మ బయటికొచ్చి గోడను చూసింది. లోపలికెళ్ళి ఉన్ని దారం ఉండ, చింతగింజల గంజి ముంత తెచ్చింది. నేత దారానికి పట్టించే గంజి అది.

"చెయ్యి తియ్యప్పా."

"తీస్తే గోడ పడిపోతాదమ్మా!"

"నువ్వు పట్టుకుంటే మాత్రం నిలబడతాదా? తియ్యి."

దారం కొసను పంటితో పట్టి బిగలాగుతూ, వరస పక్కన వరస, దాని మీద అడ్డంగా మరో వరస చుట్టింది. పొరపొరకూ గంజి మెత్తింది. తడిసినకొద్దీ ఉన్ని బిగుసుకుంది. ధార కాస్తా చుక్కలైంది, వాల్వు మనిషి వచ్చేలోపే చుక్కలూ ఆగిపోయాయి. ఇరవై ఏళ్ళ అనుభవంలో అంత అద్భుతం చూడలేదు.

కొత్త సాకెట్ రావడానికి రెండు నెలలు పట్టింది. అన్నాళ్ళూ ఆ కట్టులోంచి ఒక్క చుక్క రాలలేదు. విప్పబోతే కత్తి దిగలేదు, రంపం పెట్టాల్సి వచ్చింది. జ్వరం తగ్గిన కూతురు గడపలో కూర్చుని బిడ్డకు పాలిస్తోంది.

"ఈ పైపు పని యాడ నేర్చుకున్నావమ్మా?" అని నరసమ్మను అడిగాను.

"పైపుల సంగతి నాకేం తెలుసప్పా? నువ్వు పైపును సూసినావు. నేను గోడ అవతల పండుకున్న నా బిడ్డను సూసినాను."

ఆ తరువాత ఏ ఇంట్లో రెంచీ పట్టినా నేను ముందు అడిగేది ఒకటే: ఈ గోడ అవతల ఎవరున్నారని.