తుకారాం కన్నా పెద్దది

సీతాఫల్‌మండిలో జంగయ్య వడ్రంగి దుకాణానికి ఎదురుగానే తుకారాం దుకాణం. ఇద్దరూ ఒకే ఉస్తాద్ దగ్గర రంపం పట్టడం నేర్చుకున్నవాళ్లు. జంగయ్య ముందు చేరాడు కాబట్టి తుకారాం అతన్ని ఎప్పుడూ ‘అన్నా’ అనే పిలిచేవాడు. ఆ పిలుపు జంగయ్యకు హాయిగానే ఉండేది, తుకారాం వైరు లేని డ్రిల్ మిషన్ కొనేదాకా.

ఆ ఎండాకాలం కరెంటు కోతలు జనాన్ని కాల్చుకు తిన్నాయి. కరెంటు పోగానే జంగయ్య చేతిలో డ్రిల్లు మూగబోయేది. బీడీ ముట్టించుకుని మెట్టు మీద కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడే ఎదురు దుకాణంలోంచి జుయ్యిమని చప్పుడు. తుకారాం బ్యాటరీ మిషన్‌తో తలుపులకు బందులు బిగిస్తూ ఉండేవాడు. జంగయ్యకు బీడీ చేదెక్కేది.

ఇంటికి పోతే అక్కడా అదే గొడవ.

“పక్కింటి శ్యామలమ్మ వాళ్ల అల్మారా తుకారాం ఒక్క గంటలనే బిగించిండంట. కరెంటు లేకున్నా సుత,” అంది భార్య ఎల్లమ్మ అన్నం వడ్డిస్తూ.

“మనకు చెప్పకుండ ఆన్ని పిల్చిందా?”

“పిలవదా మరి? కరెంటొచ్చినంక వస్తనంటివి నువ్వు.”

జంగయ్య మర్నాడే రాణిగంజ్ పోయాడు. అక్కడ పనిముట్ల షాపు నడిపే నరసరాజు పాత పరిచయస్తుడు.

“ఏం పనికి కావాలె జంగయ్యా? ఇంట్ల పనికా, వర్క్‌షాపుకా?”

“తుకారాం ఏది తీస్కపోయిండు?”

నరసరాజు నవ్వి ఒక చిన్న మిషన్ ముందు పెట్టాడు. “పన్నెండు వోల్టులది. అల్మారాలకు, స్క్రూలకు గిదే మంచిగుంటది. చెయ్యి మీదికెత్తి పని చేసినా భుజం గుంజదు. రెండు బ్యాటరీలొస్తయి. ఒకటి పనిల ఉంటే ఇంకోటి చార్జింగుల.”

“దీనికన్న పెద్దది లేదా?”

“ఉంది, పద్దెనిమిది వోల్టులది. మందం టేకుల సుత దిగుతది. కాని బరువు. కాంక్రీటు గోడకైతే నీ వైరు మిషనే నయం. నువ్వు చేసేటివి ఎక్కువ అల్మారాలే కదా, చిన్నదే తీస్కో. జెర చేతిల పట్టి చూడు.”

జంగయ్య పట్టి చూశాడు. అది అతని గుప్పిట్లో ఎంత ఒద్దికగా కూర్చుందంటే, దాని మీద కూడా కోపం వచ్చింది. తుకారాం తెచ్చిందే తానూ తెస్తే గల్లీలో ఏమంటారు? వాణ్ని చూసి కొన్నాడంటారు.

“పెద్దదే ఇయ్యి.”

దానికి రెండో బ్యాటరీ విడిగా కొనాలట. తెచ్చిన పైసలు అంతదాకా రాలేదు. “ఒక్కటి చాలు తీయ్,” అన్నాడు.

కొన్నాళ్లు వైభోగంగానే గడిచింది. తుకారాం కంటబడేలా దుకాణం బయట బల్ల వేసుకుని, అక్కర్లేని చెక్కలకు కూడా బెజ్జాలు వేశాడు.

తర్వాత నేరేడ్‌మెట్‌లో పని తగిలింది. ప్రభుదాస్ అనే టీచరు గారి కొత్త ఫ్లాటులో వంటింటి పై అల్మారాలు బిగించాలి. స్టూలెక్కి ఆ బరువును తలపైకి ఎత్తి పట్టేసరికి కాసేపటికే భుజం గుంజసాగింది. తలుపులు సగం వేలాడుతుండగా కరెంటు పోయింది. వెనకే బ్యాటరీ కూడా అయిపోయింది. చార్జరు గోడకు ఉత్తగా వేలాడింది.

ప్రభుదాస్ భార్య ప్రేమమణి తొంగిచూసింది. “సాయంత్రం చర్చివాళ్లు ప్రార్థనకి వస్తున్నారండీ. సీతాఫల్‌మండిలో తుకారాం గారని ఉన్నారట, కరెంటు లేకపోయినా పని ఆగదట. పిలిపించమంటారా?”

“మీరెందుకమ్మా, నేనే పిలుస్త,” అన్నాడు జంగయ్య. ఆమె పిలిస్తే ఆ ఇల్లు ఇక తుకారాందే అయిపోతుంది. ఫోన్ చేస్తుంటే చెవులు కాలిపోయాయి.

తుకారాం వచ్చాడు. దెప్పలేదు, నవ్వలేదు. “తలుపు జెర పట్టుకో అన్నా,” అని చకచకా బిగించుకుపోయాడు. ఒక్క స్క్రూ అయినా జారకపోతుందా అని జంగయ్య కళ్లప్పగించి చూశాడు. ఒక్కటీ జారలేదు.

పని ముగిశాక తుకారాం ఆ పెద్ద మిషన్ ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. “నేను సుత గిట్లాంటిదే తీస్కుందామనుకున్న, హిమ్మత్ చాలలేదు. అల్వాల్‌ల టేకు దర్వాజలు బిగించేదుంది. ఒక్క దినం ఇస్తవా అన్నా?”

వాడి కళ్లలో ఆశ చూసి జంగయ్య కడుపు చల్లబడింది. “తీస్కపో,” అన్నాడు పెద్దరికంగా. కానీ ఇచ్చేముందు పెట్టెలోంచి బెజ్జాలు వేసే పదునైన బిట్లన్నీ ఏరి దాచుకుని, అరిగిపోయినవి ఉంచాడు.

తుకారాం మిషన్‌ను శుభ్రంగా తుడిచి, బ్యాటరీ నిండా చార్జి చేసి తిరిగి తెచ్చాడు. పెట్టెలో మొండి బిట్ల పక్కన కొత్తవి మెరుస్తున్నాయి. “నీయి అరిగిపోయినయన్నా, చూస్కోలేదేమో. పనికి కావాలని కొన్న. నువ్వే ఉంచుకో.”

జంగయ్యకు సిగ్గేసింది. సిగ్గు కన్నా మంటే ఎక్కువ పుట్టింది. “మంచితనంల సుత ఆడే ముందుండాల్నా?” అని ఇంట్లో ఎల్లమ్మ మీద అరిచాడు. విషయమంతా విని ఆమె పకపకా నవ్వింది. అతను అన్నం తినకుండా లేచిపోయాడు.

చలికాలానికి చిన్న మిషన్ కూడా కొన్నాడు. అవసరానికి తుకారాం బ్యాటరీ దానికీ పట్టేలా అదే కంపెనీది ఎంచుకున్నాడు గానీ, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అల్మారాలకు చిన్నది, దర్వాజలకు పెద్దది. పెద్దదాన్ని తుకారాం అడిగినప్పుడల్లా ఇచ్చేవాడు. అయితే వెతుకుతున్నట్టు నటిస్తూ ప్రతిసారీ కాస్త ఆలస్యం చేసేవాడు. తుకారాం తన గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడటం అతనికి చూడముచ్చటగా ఉండేది.