తెల్లసూటు భూతం

ఆ రోజుల్లో నాకు రెండు బతుకులుండేవి: జీతం ఇచ్చేది ఒకటి, నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. మొదటిది కాజీపల్లిలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో సీసాలు కడిగి పౌడర్లు తూచడం. రెండోది సినిమా. అందులోనూ దయ్యమూ సైన్సూ కలిసే చోట పుట్టే సినిమా. ప్రయోగశాలలో ఏదో పొరపాటు జరుగుతుంది, గాజు తొట్టిలోంచి ఒక ప్రాణి లేస్తుంది, తెల్లకోటు పెద్దమనిషి దానికి శాస్త్రీయ కారణం వివరిస్తుండగానే అది ఆయన్ని మింగేస్తుంది. ఆ జాతి సినిమాలంటే నాకు పిచ్చి. (పటాన్‌చెరులో మా నాన్నకు కిరాణా దుకాణం. "దయ్యమైతే దయ్యమని సెప్పాలె, మిషనైతే మిషనని సెప్పాలె. రెండు కలిపితే కల్తీ అయితది" అనేవాడు. పప్పులు అమ్మే మనిషి బాధ అది.)

నాతో ఒకే గదిలో అద్దెకుండే స్నేహితుణ్ణి అందరం డైరెక్టర్ అని పిలిచేవాళ్ళం. అప్పటికి అతను తీసింది ఏమీ లేదు. మా ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్‌లో పనిచేస్తూ, అట్టపెట్టెలను కూడా ఒక కన్ను మూసి కెమెరాలో చూసినట్టు చూసేవాడు. ఇద్దరం కలిసి ఒక కథ రాశాం. గ్యాసు పీల్చి చనిపోయిన కార్మికుడు తిరిగొస్తాడు. అతను దయ్యమో, రసాయనం చేసిన వికారమో చివరిదాకా తెలియదు. ఎవరికి వినిపించినా ఒకటే మాట, "ముందు గదేందో ఖరారు చేసుకొని రాండ్రి." అలా తిరిగీ తిరిగీ, ఇక ఇది తీయకపోతే జీవితమంతా పౌడర్లు తూస్తూనే పోతాననే దిగులు పట్టుకుంది నాకు. అన్నం సహించేది కాదు. చివరికి ఫోనుతో మేమే తీద్దామని తీర్మానించుకున్నాం. భూతం వేషం నాదే. ఎందుకంటే ఫ్యాక్టరీ స్టోరులో దొరికిన రక్షణ సూటు డైరెక్టర్‌కు పట్టలేదు.

ఒక ఆదివారం పొద్దున లక్డారం అవతల ఒక చిన్న పల్లె చివర, ఇంకో ఫ్యాక్టరీ గోడ వెనకగా కనిపించే పొలంలో దిగాం. ఒళ్ళంతా కప్పే తెల్లసూటు, పందిమూతి లాంటి ముసుగు వేసుకున్నాను. పెళ్ళిళ్ళలో వధూవరులు స్టేజి ఎక్కేటప్పుడు వదిలే పొగ మిషను కిరాయికి తెచ్చి, రైతును బతిమాలి బోరు దగ్గర కరెంటు తీసుకున్నాం. పొగ కమ్ముకుంది. నేను నడిచాను. "నడుం పట్టినోని లెక్క కాదురా, భూతం లెక్క నడువు!" అని డైరెక్టర్ అరుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మేకల్ని తోలుకుంటూ ఒక అవ్వ గట్టు మీదికొచ్చింది. పొగలో నన్ను చూసి, ఒక్క క్షణం నిలబడి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కేక పెట్టింది.

"గ్యాసు లీకయిందిరో! ఉరుకుండ్రి!"

పల్లె మొత్తం లేచింది. ఎవరూ ఏం జరిగిందని అడగలేదు. తువ్వాళ్ళు తడిపి మూతులకు చుట్టుకున్నారు, పిల్లల్ని చంకనేసుకున్నారు, బర్రెల తాళ్ళు విప్పేశారు. ముందే సాధన చేసినట్టు అంతా గాలికి ఎదురుగా పరుగెత్తారు. వాళ్ళను ఆపాలని నేను వెంటపడ్డాను. "ఆగుండ్రి, సినిమా, సినిమా!" అని గొంతు చించుకున్నాను. ముసుగులోంచి అది ఏదో మూలుగులా బయటికొచ్చింది కాబోలు, వాళ్ళు ఇంకా వేగం పెంచారు. (నా నటన చూసి జనం భయపడింది అదొక్కసారే, అదీ నేను నటించనప్పుడు.)

రోడ్డు మీది చాయ్ హోటల్ దగ్గర ముసుగు పీకేసి కూలబడ్డాను. జనం చుట్టూ మూగారు. "ఎవనివిరా నువ్వు? ఇప్పు గా సూటు!" అన్నాడొకాయన. ఇప్పాను. లోపల ఉడుకు తట్టుకోలేక బనియనూ చెడ్డీ మీదే తొడుక్కున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే లేకపోతే నాకు ఆ రోజు దెబ్బలు తప్పేవి కావు. కానీ అవ్వకు ఊపిరి అందడం లేదు. మొహం పాలిపోయింది. ఈమెకేమన్నా అయితే? చెడ్డీ మీదే పరుగెత్తి హోటల్లోంచి నీళ్ళు తెచ్చి తాగించాను. కాసేపటికి తేరుకుంది.

"దయ్యం అనుకున్నవా అవ్వా?" అని మా వెనకే ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చిన డైరెక్టర్ మెల్లగా అడిగాడు.

"దయ్యమైతే ఉరుకుతనా బిడ్డా? నాలుగు తిట్లు తిట్టి పంపిస్త. గీ తెల్లబట్టలోళ్ళను సూస్తెనే పానం పోతది. పోయినేడు గ్యాసు లీకయినప్పుడు గిట్లనే వచ్చిండ్రు. ఏం కాలే, ఇండ్లల్ల ఉండుండ్రి అన్నరు. ముసుగులు మాత్రం తియ్యలే. మా బర్రె సచ్చింది. మా ముసలోడు ఇంక దగ్గుతనే ఉన్నడు."

డైరెక్టర్ అప్పటిదాకా ఫోను ఆపనే లేదట, ఊరంతా పరుగెత్తడం అందులో పడింది; వెనక్కి తిప్పి నాకు చూపించాడు. మేం రాసుకున్న భయమేదీ దాని కాలిగోటికి సరిపోదు. అతని కళ్ళు మెరిశాయి. అవ్వ కూడా వంగి చూసింది. "నేను గింత జోరుగ ఉరికిన్నా?" అని బోసినోటితో నవ్వింది. అంతలోనే మొహం మారింది. "గిది ఎవ్వరికి సూపియ్యకు బిడ్డా. మనుమరాలికి సంబంధాలు సూస్తున్నం. గీ ఊర్ల గ్యాసు అని తెలిస్తే ఎవడొస్తడు?"

డైరెక్టర్ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. మేం తీసిన వాటిలో పనికొచ్చే ఒకే ఒక్క సీను అతను ఆమె ముందే తుడిచేశాడు. మిగిలిన ముక్కలు అతికించి నెట్‌లో పెడితే, "కామెడీ మస్తుంది అన్నా" అని ఒక్కడు రాశాడు. డైరెక్టర్ ఇప్పుడు సంగారెడ్డిలో పెళ్ళిళ్ళు తీస్తున్నాడు. నేను ఆ పౌడర్లే తూస్తున్నాను. సీసాలు కడగడానికి మాత్రం ఇంకొకరు వచ్చారు.

ఇప్పటికీ అలాంటి సినిమా వస్తే వెళతాను. తెల్లసూటు వాళ్ళు తెర మీదికి రాగానే హాలంతా హమ్మయ్య అంటుంది, కాపాడేవాళ్ళు వచ్చారని. నాకు మాత్రం గుండె జారుతుంది. ఆ వెంటనే, ముసుగులో రొప్పుతూ ఊరి వెంటపడి పరుగెత్తుతున్న ఒక కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. సినిమా అని చెబితే చాలు, జనం భయం మానేసి ఆగిపోతారని నమ్మాడు పాపం.