పిల్లికూత ఆగిన పొద్దు

మా పక్కింటి మామ్మగారు పోయారని కబురు రాకముందే నాకు తెలిసిపోయింది. తెల్లవారి వాకిలి ఊడుస్తుంటే గోడ అవతల ఏ చప్పుడూ లేదు. ఐదేళ్లుగా ఆ వేళకి ఆమె ఊపిరి సన్నగా, ఎక్కడో పిల్లి కూసినట్టు వినిపించేది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కాసేపటికి వాళ్ళ కోడలుగారు తలుపు తీసి, "మా అత్తయ్యగారు లేవట్లేదండీ" అన్నారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పారట.

ఆమెకి నేను చుట్టాన్ని కాను. నలుగురిలో నోరు విప్పలేని మనిషిని. అయినా ఆమె నాకు నేర్పిన సంగతి ఒకటుంది. అది నాలాంటి తల్లులకి తెలియాలని రాస్తున్నాను.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆ కూత విని, వాళ్ళ పెరట్లో పిల్లిపిల్ల ఏదో ఇరుక్కుందనుకున్నాను. కొబ్బరి చిప్పలో పాలు పోసుకుని వెళ్ళాను. పిల్లి ఎక్కడా లేదు. కిటికీలోంచి చూస్తే మామ్మగారు మంచం మీద ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చుని ఉన్నారు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కూత ఆమెలోంచి వస్తోంది. ఆమె బొడ్లోంచి చిన్న పంపు తీసి నోట్లో పెట్టుకుని మందు పీల్చారు. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"పిల్లి కోసం వచ్చేవా? ఇదిగో, ఇందులో ఉంది" అని రొమ్ము తట్టుకున్నారు. "ఆ పాలు ఇలా తే. దానికి నేను తాగిస్తాలే."

వయసులో ఉన్నప్పుడు కొబ్బరి పీచు మిల్లులో పనిచేశారట. ఆ దుమ్ముకే ఉబ్బసం పట్టుకుందని చెప్పేవారు. ఆమె గుండెల మీద ఏదో కూర్చుని ఉంటుందని వీధిలో అనుకునేవారు. పిల్లలు ఆ కిటికీ ముందు నుంచి నడవరు, పరిగెడతారు. నాకూ మొదట భయమే. ఆమె కళ్ళు మూసుకుని కూర్చుని, వచ్చేది ఎవరో ఊపిరిని బట్టి చెప్పేసేవారు. "నీకంటే ముందు నీ ఊపిరి మెట్టెక్కిందే" అనేవారు నాతో. మన ఊపిరి మనకి అందకుండా పోతున్నప్పుడే అందరిదీ వినపడుతుందట.

నా నాలుగేళ్ల పాప వీపుకి ఓరోజు చెవి ఆనించి చాలాసేపు ఉండిపోయారు.

"దీని దగ్గు గమనించేవా? పరిగెడితే వస్తంది, నవ్వితే వస్తంది, తెల్లారగట్ల వస్తంది. జలుబు కాదే ఇది. నా జబ్బే. డాక్టరుకి చూపించు."

"ఇంట్లో ఎలా చెప్పనండీ?"

"నోటితో చెప్పు. అది ఉన్నది అందుకే."

చెప్పలేదు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. మా అత్తయ్యగారు "పిల్లలన్నాక దగ్గు రాదా?" అంటే తలూపి ఊరుకున్నాను.

మామ్మగారు పోయిన మూడో రోజు పొద్దున్న అన్నం వారుస్తుంటే వెనక నుంచి ఆ కూత వినిపించింది. అదే సన్నదనం, అదే సాగదీత. గిన్నె వదిలేసి తిరిగి చూశాను. అది మా గదిలోంచి వస్తోంది. పాప రొమ్ములోంచి.

అత్తయ్యగారు గుమ్మంలోనే ఆగిపోయారు. మొహంలో రంగు లేదు. "గోడ అవతలిది ఇవతలికి వచ్చేసిందే" అన్నారు. అలా కాదని ఆ క్షణాన నేను అనలేకపోయాను.

మా వైపు బిడ్డ బెదిరితే ముందు సాంబ్రాణి వేస్తారు. అత్తయ్యగారు తలుపులన్నీ మూసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పాప చుట్టూ తిప్పారు. గది నిండిపోయి ఒకరికొకరం కనపడలేదు. ఆ పొగలోంచి కూత ఒక్కటే వచ్చింది. సన్నబడింది. ఆగిపోయింది.

"వెళ్ళిపోయింది" అని అత్తయ్యగారు దణ్ణం పెట్టారు.

నేను పాప దగ్గరికి తడుముకుంటూ వెళ్ళాను. ముందుకు వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి కూర్చుంది. అలా కూర్చోమని దానికి ఎవరూ నేర్పలేదు. పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది, డొక్కలు లోపలికి పోతున్నాయి. పెదాలు నల్లబడ్డాయి. ఏమైందమ్మా అంటే "అమ్మా" అని కూడా ఒక్క ఊపిరిలో అనలేకపోయింది.

మామ్మగారు ఎన్నోసార్లు చెప్పిన మాట అప్పుడు తెలిసొచ్చింది. "పిల్లి కూస్తన్నంతసేపూ గాలికి దారి ఉన్నట్టే. ఆయాసం తగ్గకుండా కూత ఆగిందంటే దారి మూసుకుపోతన్నట్టు. ఇంక కూర్చోకు."

"తలుపులు తియ్యండి" అన్నాను. ఆ గొంతు నాదనిపించలేదు.

"ఎవరితోనే ఆ మాట్లాడ్డం?"

"మీతోనేనండీ. పొగ బయటికి పోవాలి. ఆటో పిలవండి."

ఆమె నన్ను వింతగా చూసి తలుపు తీశారు.

రాజోలు ఆసుపత్రిలో పాప ముక్కుకీ నోటికీ మాస్కు పెట్టి గాలి, మందు పట్టించారు. మాస్కు అంచుల నుంచి తెల్లటి ఆవిరి వస్తుంటే పాప మొహం కనపడీ కనపడకుండా ఉంది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఉన్నట్టుండి ఆ ఆవిరిలోంచి పిల్లికూత మొదలైంది. అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"మళ్ళీ వచ్చిందేంటమ్మా?"

"రానివ్వండి అత్తయ్యగారూ" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. నర్సమ్మ వంగి విని, గాలి ఆడుతోందండీ, మంచిదే అన్నారు.

ఆసుపత్రిలో చేరిన మూడో రోజు ఇంటికి వచ్చాం. పాపకీ పీల్చే మందు రాసిచ్చారు. దానికి అలవాటు పడిపోతారన్నది వట్టి భయమేనట. రోజూ తప్పకుండా వాడితే అందరిలా ఆడుకుంటుందని డాక్టరు చెప్పారు. ఇంట్లో ఇంక పొగ వెయ్యవద్దన్నారు.

ఆటో దిగాక పాపని అత్తయ్యగారే ఎత్తుకున్నారు. మామ్మగారి ఇంటికి తాళం వేసి ఉంది, కొడుకూ కోడలూ కర్మలకని సొంతూరు వెళ్ళారు. అత్తయ్యగారి భుజం మీద కునుకుతున్న పాప ఆ ఇంటి ముందుకి రాగానే తలెత్తింది. మూసిన తలుపు వైపు చూసింది. ఎవరో అడిగితే జవాబు చెప్పినట్టు నెమ్మదిగా, "ఆయ్, తగ్గిందండీ" అంది. మళ్ళీ తల వాల్చేసుకుంది.

అత్తయ్యగారు నడక ఆపలేదు. నేనూ వెనక్కి తిరిగి చూడలేదు.