పిన్ని గరిటెలో మిగిలిన ఎరుపు

మా పిన్నికి రోత పుట్టని రోజంటూ లేదు. కాపురానికి వచ్చిన ఇల్లు అలాంటిది. పెరట్లో రేకుల కింద బాబాయి అన్నభేది కాల్చేవాడు. అదొక ఇనుప ఉప్పు, పచ్చటి పలుకులు. మట్టి మూకుళ్ళలో పోసి మంట పెడితే ముందు నీరంతా ఆవిరై తెల్లటి పిండిలా అవుతుంది. మంట ఇంకా ఎగదోస్తే ఘాటు పొగ కక్కి, చివరికి ఎర్రటి మెత్తటి పొడిగా మిగులుతుంది. అద్దాలకు, నగలకు మెరుగు పెట్టేవాళ్ళు దాన్ని కొంటారు.

ఆ పొగకు దండెం మీది చీరలు చిల్లులు పడేవి. పొడి దిండ్ల మీద, చెవుల వెనక, పాలగిన్నె అంచున. "ఛీ, ముక్కు చీదినా ఎరుపే!" అనేది పిన్ని. తిండి పెట్టే పని కదా అని ఓర్చుకుంది.

సరుకు అమ్మిపెట్టేది బాబాయి వాళ్ళన్నయ్య. మెరుగు పనివాళ్ళు తగ్గిపోయినా బస్తాలు మాత్రం ఇదివరకటి కంటే ఎక్కువే వెళ్తుండేవి. ఎవరికని పిన్ని అడిగితే ఆయన నవ్వి మాట మార్చేవాడు. ఆ రోజుల్లోనే బాబాయి కడుపులో మంటని కారం మానేశాడు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. కూరగిన్నె కడుగుతుంటే అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. పిన్ని దాన్ని వేళ్ళ మధ్య నలిపి చూసింది. ముఖం మారిపోయింది. కొట్లో కొన్న కారం ఇనుప గరిటెలో వేసి పొయ్యి మీద పెట్టింది. ఇద్దరం దగ్గలేక చచ్చాం. మిరప నల్లబడి, మాడి, బూడిదైంది. ఎరుపు మాత్రం అలాగే ఉంది. ఒకసారి కాలిందే, మళ్ళీ ఏం కాలుతుంది?

సాయంత్రం బస్తాలకని వచ్చిన బావగారి ముందు ఆ గరిటె పెట్టింది. "ఇదేంటి బావగారూ?"

"కారానికి కాస్త రంగు. ఇనుమేగా అమ్మాయ్, ఒంటికి మంచిదే" అన్నాడాయన, పళ్ళు కుట్టుకుంటూ.

పిన్ని మొగుడి వైపు తిరిగింది. "మీకు తెలుసా?"

"అన్నయ్య చూసుకుంటాడులే. అయినా నేను ఆ కారం తినట్లేదుగా? కడుపులో మంటని ఊరికే చెప్పానా?"

పిన్ని పెరట్లోకి పరిగెత్తి భళ్ళున వాంతి చేసుకుంది. పొగకు ఎన్నడూ అలా కాలేదు.

మర్నాడు కుంపటి, గరిటె పట్టుకుని ఆ కారం కొట్టు ముందే కూర్చుంది. కొన్నవాళ్ళ పొట్లాలు విప్పించి, చిటికెడు చిటికెడు కాల్చి చూపించింది. జనం కాండ్రించి ఉమ్మారు. కొట్టు మూతపడింది. కొన్నాళ్ళకు వేరే బోర్డుతో మళ్ళీ తెరిచారు. బావగారు ఈ గుమ్మం తొక్కడం మానేశాడు. బాబాయి ఇప్పుడు అద్దాలవాళ్ళకే కాలుస్తున్నాడు, అదీ తక్కువే.

ఒకే ఇంట్లో ఉంటారు. ఆవిడ వండితే ఆయన తింటాడు. ఆయన తెచ్చినదేదైనా సరే, పండైనా, ఆవిడ నోట పెట్టదు.

"కడుక్కుని తినొచ్చు కదా పిన్నీ" అన్నాను ఒకసారి.

"పండు మీద కాదే నాకు రోత" అంది.